క్రైస్తవవేదమున భావనయు విశ్వాసమును

క్రైస్తవవేదమును జదువువారిలో రెండు తెగలవారు కలరు. ఒక తెగవారు దానిని కేవలము చరిత్రగ్రంథముగ జూచి, ఏ రాజు ఎప్పుడేలెను, ఏ యూరు ఎచ్చట నుండెను అను విచారమునందే కాలము పుచ్చుదురు. రెండవ తెగవారు ఆ కథలన్నియు మనుష్యుని లోపల జరుగునవే యనియు, అబ్రాహాము, మోషే, దావీదు అనునవి మనోవృత్తులకు బెట్టిన పేర్లే యనియు జెప్పుదురు. మొదటివారికి గ్రంథము వెలుపల నిలిచిపోవును. రెండవవారికి లోకమే వెలుపల నిలిచిపోవును. ఈ రెంటికిని భిన్నమైన పఠనమార్గ మింకొకటి కలదు. అది భావనను ద్వారముగ గొనును గాని ద్వారమునందే కూర్చుండదు. ఆ మార్గము తెలుగుదేశమున నెట్టి రూపము దాల్చెనో తెలియగోరువారు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలను జూడవలెను. 2016 లో వేరు వేరు జిల్లాలుగ నేర్పడిన యీ మూడు సీమలలో మధ్యదాని యందు డోర్నకలు ఉన్నది. తెలుగు క్రైస్తవసంఘచరిత్రలో ఆ యూరి పేరు సుప్రసిద్ధము. దాని ఇరుప్రక్కల నున్న పాలకుర్తి, బమ్మెర, కాళేశ్వరములకు క్రైస్తవవేదముతో సంబంధ మేమని ఎవరైన నడుగవచ్చును. ఆ సంబంధము గ్రంథములలో గాక, వినువారి చెవిలో నున్నది.

ముందుగ రెండు మాటలను విచారింపవలెను. గ్రీకుమూలమున ‘పిస్తిస్’ అను పదమునకు తెలుగు అనువాదకులు ‘విశ్వాసము’, ‘నమ్మిక’ అను రెండు పదములను వాడిరి. శ్రద్ధ, భక్తి యను ప్రసిద్ధపదము లుండగ వీనిని గైకొనుట యాదృచ్ఛికము కాదు. శ్రద్ధ యనగానే కర్మకాండయు, భక్తి యనగానే ఇష్టదైవమును స్ఫురించుట సహజము. విశ్వాసమునకు ధాతువు శ్వస్. ఊపిరి విడుచుట దాని మొదటి యర్థము. వెరపులేక ఊపిరి విడువగల చోటు ఏదియో అదియే విశ్వాసమునకు దావు. గ్రీకు హెబ్రీ భాషలలో ఆత్మకును ఊపిరికిని పదమొక్కటియే యగుటచే, ఈ పదము మూలమున కొక విధముగ సమీపమున బడినది. విశాఖపట్టణమున లండను సంఘపు మతబోధకులైన క్రాన్, డెస్‌గ్రాంజెసులకు తోడ్పడిన ఆనందరాయరు సంస్కృతము తెలిసిన బ్రాహ్మణుడు. వారి శ్రమఫలముగ మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812 లో శ్రీరామపురమున ముద్రితములైనవి. అచ్చు చూచుటకు క్రానుగాని డెస్‌గ్రాంజెసుగాని బ్రదికి యుండలేదు.

రెండవ పదము భావన. ఈ కాలమున దీనిని ఊహ, కల్పన అను నర్థములందు వాడుచున్నారు. దానిచే భావన యనగ నిజము కానిదను తలంపు ప్రబలినది. మీమాంసకులకు భావన యట్టిది కాదు. భూధాతువునకు ప్రేరణార్థమున ఏర్పడిన యీ పదమునకు లేనిదానిని కలుగజేయుట యని యర్థము. విధివాక్యము విన్నవానియందు ‘ఇది నన్ను జేయుమనుచున్నది’ అను స్ఫురణను బుట్టించు శబ్దశక్తికి శాబ్దీభావన యని పేరు. దానిచే ప్రేరితుడై పురుషుడు ఫలమునకై చేయు ప్రయత్నము ఆర్థీభావన. కాబట్టి మీమాంసకుని భావన చెవియందు మొదలై చేతియందు ముగియును. అర్థవాదముల సంగతియు నిట్టిదే. రుద్రుని కన్నీరు వెండి యయ్యెనను వేదకథ వెండి పుట్టుకను దెలుపుటకు గాదు. యజ్ఞమున వెండి దక్షిణగ నీయరాదను నిషేధముతో నేకవాక్యత పొందినప్పుడే దానికి బ్రామాణ్యము. కథకు ప్రయోజనము కథకు వెలుపల నున్నది. క్రైస్తవవేదమున ఉపమానములను జదువునపుడు ఈ న్యాయము పండితులకు మిక్కిలి తోడ్పడును. ఆ సంగతి ముందు రాగలదు.

జనగామ సీమయందలి పాలకుర్తి సోమనాథకవి జన్మస్థానముగ ప్రసిద్ధము. ఆయన ద్విపద బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదను తలంపు ఆమె మనస్సున నాటుకొనెను. తల్లియే యుండినచో బిడ్డను విషము త్రాగనిచ్చునా, పాములను మెడ నిడనిచ్చునా, కాటియందు దిరుగనిచ్చునా యని యామె వగచి, తానే తల్లియై లింగమునకు శిశూపచారములన్నియు జేసినది. దేవుడు ఆమె భావమును శోధింపదలచి శిశురోగమును నటించినప్పుడు ఆమె ప్రాణములు విడువ సిద్ధపడినది. ఈ కథలో గమనింపదగిన దేమనగా, పండితులకు శివుడు అజుడు, అనాది; తల్లి లేకుండుట ఆయన మహిమ. ఆ ముగ్ధకు అదియే కొఱత. శాస్త్రము మహిమగ జెప్పినదానిని ఆమె దుఃఖముగ జూచినది. అట్లు చూచుటవలన ఆమెకు చేయవలసిన పని యొకటి దొరికినది. ఆమె భావన ఆమెకు వరము తేలేదు. ఆమెచే నీళ్లు కాచించినది, నూనె యంటించినది. బిడ్డ నెమ్మదికంటె ఆమెకు వేఱు కోరిక లేదు.

పాలకుర్తికి చేరువనే బమ్మెర. పోతన ఓరుగల్లువాడా, ఒంటిమిట్టవాడా యను వివాదము పత్రికలలో నెంతో సిరాను త్రాగినది. దాని నిచట మరల దెఱవ నక్కఱ లేదు. ఆయన తన భాగవతావతారికలో ఒక చంద్రగ్రహణపు రాత్రి గంగాతీరమున జరిగినదానిని జెప్పినాడు. ఆయన ధ్యానించినది మహేశ్వరుని, కనబడినవాడు రామచంద్రుడు. అప్పుడు తన కన్నులు కొంచెముగ మాత్రము తెఱవబడి యుండెనని కవి స్పష్టముగ జెప్పుచున్నాడు. పూర్తిగ మూసికొనిన కన్నులకు తాను దలచినదే కనబడును. పూర్తిగ దెఱచిన కన్నులకు ఇసుకదిన్నెయు నీరునే కనబడును. తలచినదానికంటె వేఱైనది ఎదుట నిలుచుటకు ఆ యర్ధోన్మీలనము కావలసివచ్చెను. తానుకోరిన రూపము గాక వేఱొక రూపము వచ్చి, తాను తలపెట్టని పనిని ఆజ్ఞాపించి పోయినది. ఇది కేవలము మనఃకల్పితమే యైనచో ఆ కల్పన కర్తమాట వినలేదని యైన నొప్పుకొనవలెను.

భూపాలపల్లి సీమయందు కాళేశ్వరము కలదు. అచ్చట ఒక్క పానవట్టముపై రెండు లింగములు గలవు. గోదావరితో ప్రాణహిత కలియును. మూడవదిగ సరస్వతి అంతర్వాహినియై యున్నదని చెప్పుదురు. యాత్రికుడు రెండు నదులను గన్నులతో జూచి మూడింట మునుగును. కానరాని నది యున్నదా యని యెవ్వరును ఇసుక త్రవ్వి చూడరు; అట్లని అచ్చట స్నానము మానరు. చూడనివానిని గూర్చిన నిశ్చయమే విశ్వాసమని హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో పదునొకండవ అధ్యాయము చెప్పునపుడు, ఈ సీమవారికి ఆ మాట క్రొత్తగ దోచదు. అయితే ఆ పత్రిక నిర్వచనముతో నాగక వెంటనే జాబితా నెత్తుకొనును: ఒకడు ఓడ కట్టెను, ఒకడు తానెచ్చటికి బోవుచున్నది తెలియకయే యిల్లు విడిచెను, ఒక స్త్రీ వేగులవారిని దాచెను. చూడనిదానిని జూచినవారందఱును ఏదో యొక పనికి బూనుకొనినవారే. చూచి కూర్చున్నవా డొక్కడును ఆ జాబితాలో లేడు.

వినువారి చెవి యిట్టిది. ఇక గ్రంథము వచ్చిన తెఱగు. తిరునల్వేలి క్రైస్తవులు 1903 లో భారతీయ మిషనరీ సంఘమును స్థాపించి, విదేశధనము పుచ్చుకొనక తమవారినే పంపి, నిజాము రాజ్యమునందలి డోర్నకలును కేంద్రముగ జేసికొనిరి. ఆ సంఘస్థాపకులలో నొకడైన వేదనాయకము శామ్యూలు అజరయ్య 1874 లో వెల్లాలన్‌విలై యను గ్రామమున జన్మించిన తమిళుడు. 1909 లో ఆయనయే ఉపదేశకుడై డోర్నకలు చేరెను. మఱుసటి సంవత్సరము ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్యులు ధనమును దేహమును ధారపోసిరి గాని భారతీయులకు గావలసినది స్నేహితులని నిష్కర్షగ బలికి పలువురకు గోపము దెప్పించెను. 1912 డిసెంబరు 29 వ తేది కలకత్తాలో ఆయనకు అధ్యక్షాభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయనయే. 1941 నాటికి ఆ అధ్యక్షఖండమున క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది. వారిలో నధికసంఖ్యాకులు మాలలు, మాదిగలు, చదువుకొననివారు. నూటికి పదిమంది కూడ అక్షరాస్యులు కాని రాజ్యమది.

చదువరానివానికి గ్రంథమును ప్రమాణముగ జూపుట యెట్లు? ఇదియే డోర్నకలున ఎదురైన ప్రశ్న. దీనిని కేవల బోధనోపాయముగ దలంచి పొరబడినవారు కలరు. సమాధానము పాటయు, భజనయు, నాటకమును. తెలుగు కీర్తనలను, కథాకాలక్షేపమును, ఊరివారే వేషములు కట్టి యాడు వేదకథల ప్రదర్శనములను అజరయ్య ప్రోత్సహించెను. పరలోకప్రార్థనయు, పది యాజ్ఞలును, కొన్ని కథలును కంఠస్థము గావలెను. గ్రంథము చేతిలో లేకున్నను నోట నుండవలెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన చేయి తన తలపైననే యుంచుకొని, సువార్త ప్రకటింపకున్న తనకు శ్రమ యను పౌలుమాటను పలుకుట అచ్చటి యాచారము. పుస్తకము పట్టుకొనలేని చేతిని ఆ విధముగ గ్రంథమునకు సాక్షిగ నిలిపిరి.

వేషము కట్టుటలో నొక చిక్కు కలదు. పాఠకుడు పుటను మూసి లేచిపోవచ్చును. వేషధారి ఎవరో యొకరు కావలెను. యాకోబు బావియొద్ద సమరయ స్త్రీ కథను (యోహాను సువార్త, నాలుగవ అధ్యాయము) దీనికి దృష్టాంతముగ గొనవచ్చును. అలసిన యూదుడొకడు నీరడుగును. నీవు నన్నెట్లు అడుగుచున్నావని ఆ స్త్రీ ఆశ్చర్యపడును. యూదులకును సమరయులకును సాంగత్యము లేదని సువార్తికుడు వివరించును. ఇచట గ్రీకుక్రియకు ‘కలిసి వాడుకొనుట’ యను నర్థమును గలదనియు, ఒకరి పాత్రలో నింకొకరు త్రాగకుండుటయే యిచటి యాశయమనియు ఇరువదవ శతాబ్దమున పాశ్చాత్యపండితులు కొందఱు వాదించిరి. తెలుగు అనువాదమున నున్నది ‘సాంగత్యము’ అను మాట. కాని డోర్నకలు చుట్టుపట్ల పల్లెలలో ఈ కథ విన్నవారికి ఆ భాష్యముతో బనిలేదు. ఊరిబావి నంటరానివానికి చేద యెవరిదియో, త్రాడెవరిదియో, దోసిలి పట్టి యెంతసేపు నిలువవలెనో తెలియును. పండితుడు క్రియాపదము వెదకి తెలిసికొనినదానిని వాడు దాహమున దెలిసికొనియుండెను.

అంతమాత్రమున వాని పఠనము పూర్ణమైనదనరాదు. కథలో దన బాధను జూచికొనుట మొదటిమెట్టు, అది సులభము. మాల మాదిగల నడుమ ఒకరి నీరొకరు ముట్టని కాలమది. క్రైస్తవులైన వెనుకను ఆ పట్టింపు సంఘములలోనికి వచ్చి కూర్చుండినది. నీరడుగబడిన సమరయ స్త్రీ తానే యని భావించిన మాలవాడు, ఇంటికి బోవు దారిలో మాదిగవానికి తానే యూదుడగును. భావన యచ్చటికి బోవునా, పోదా? పోకున్నచో అది ఓదార్పు. పోయెనా, అప్పుడది వేదము.

క్రైస్తవవేదమే యీ శోధనకు మాదిరి చూపినది. దావీదు ఊరియా భార్యను జేర్చుకొని వానిని యుద్ధమున జంపించిన తరువాత నాతాను ప్రవక్త వచ్చి, ధనవంతుడొకడు బీదవాని యొక్క గొఱ్ఱెపిల్లను లాగుకొని యతిథికి వండిపెట్టినట్లు కథ చెప్పెను. రాజు ఆ కథలో దీర్పరిగ గూర్చుండి, ఆ ధనవంతుడు చావదగినవాడని గర్జించెను. ఆ మనుష్యుడు నీవే యని ప్రవక్త చెప్పువఱకు తానెచ్చట నున్నాడో రాజునకు దెలియలేదు. ఇచట భావన రాజును మోసపుచ్చలేదు. తన్నుతాను మోసపుచ్చుకొనుచున్నవానిని ఆ మోసమునుండి తప్పించినది. నేరము మోపినచో దావీదు వాదించియుండును. కథ విని తీర్పు చెప్పెను.

మంచి సమరయుని ఉపమానమునకు గల్గిన వ్యాఖ్యానచరిత్ర ఈ విషయమున మిక్కిలి బోధకము. మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియా పండితుడైన ఓరిగెను, వేదవాక్యమునకు దేహము, జీవము, ఆత్మ అను మూడు విధముల యర్థము గలదని సిద్ధాంతీకరించెను. ఆ సంప్రదాయము ననుసరించి ఈ కథకు, దెబ్బలు తిన్నవాడు ఆదాము, యెరూషలేము స్వర్గము, యెరికో లోకము, దొంగలు దుష్టశక్తులు, యాజకుడు ధర్మశాస్త్రము, లేవీయుడు ప్రవక్తలు, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల యిల్లు సంఘము అని యర్థము చెప్పబడినది. భాగవత చతుర్థస్కంధమున నారదుడు పురంజనోపాఖ్యానమును జెప్పి, పురంజనుడు జీవుడనియు, తొమ్మిది వాకిళ్ల పురము దేహమనియు దానే విప్పి చెప్పుట పండితు లెఱిగినదే. రెండును ఒకే జాతి పఠనములు. కాని భేదమొకటి కలదు. పురంజనుని కథ మొదటినుండి యట్లు విప్పుటకే కట్టబడినది; నారదుడు ప్రాచీనబర్హిని యజ్ఞహింసనుండి మరల్చుటకే దానిని జెప్పెను. సమరయుని కథకు విప్పు లూకాసువార్తలో లేదు. దానికి బదులు చివర నొక విధివాక్యమున్నది: నీవును వెళ్లి యట్లే చేయుమని. మీమాంసకుని దృష్టితో జూచినచో కథయంతయు అర్థవాదము. దానికి బ్రామాణ్యము ఆ విధితో నేకవాక్యతవలననే సిద్ధించును. ఓరిగెను వ్యాఖ్యయం దందము లేకపోలేదు, సంఘమునకు దానివలన నెంతో యూరటయు గలిగినది. కాని అందఱును సంకేతములైన పిమ్మట దారిప్రక్కన నెత్తురోడుచున్న మనుష్యుడెవడును మిగులలేదు. ఆదాము కట్టు గట్టించుకొనడు.

ఆ కథలో నింకొక చమత్కారము కలదు. ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినది నా పొరుగువాడెవడని. కథ ముగిసిన పిదప క్రీస్తు ప్రశ్నను దిరుగవేసి, దొంగలచేత జిక్కినవానికి పొరుగువాడైనవాడెవడని యడుగును. ‘పొరుగువాడు’ మొదటి ప్రశ్నలో లెక్కింపదగిన వస్తువు. రెండవదానిలో కాదగిన స్థితి. ఉపదేశకుడు బదులు చెప్పెను గాని సమరయుడను మాట వాని నోట రాలేదు. దయ చూపినవాడని చెప్పి తప్పించుకొనెను. సువార్తికుడు దీనిపై నేమియు ననలేదు. చదువువాడే పట్టుకొనవలెను.

ఇరువదవ శతాబ్దమున అమెరికాదేశమున రెండవ తెగ పఠనము విశేషముగ వ్యాపించినది. బార్బడోసు ద్వీపమున 1905 లో జన్మించి 1972 లో మరణించిన నెవిల్ గొడ్డార్డు దానికి ప్రసిద్ధుడైన ప్రవక్త. బైబిలు చరిత్ర కాదు, మనోనాటకము. దేవుడనగ మనుష్యుని భావనాశక్తియే. కోరిన కోరిక నెరవేరినట్లు భావించి యా యనుభూతిలో నిలిచినచో అది నెరవేరును అని యాతని సిద్ధాంతము. ఆతని యుపన్యాసములు నేడును చదువబడుచున్నవి. భావన మనుష్యునిలో దివ్యమైన శక్తి యను మాట తోసిపుచ్చదగినది కాదు. అది లేనివానికి వేదము వట్టి చట్టము. కాని యాతని పద్ధతిలో కన్నులు పూర్తిగ మూసికొనబడినవి. కోరినవాడును తానే, కోరబడినదియు తన చిత్రమే, ఇచ్చువాడును తన భావనయే. బెజ్జమహాదేవికి బిడ్డ యుండెను. పోతనకు ధ్యానింపని దేవుడు కనబడెను. దావీదునకు నాతాను ఎదురు నిలిచెను. ఇచట ఎదుట నిలుచువారెవరును లేరు.

ఇట్టి పఠనమునకు ఆధారముగ తఱచు చూపబడునది లూకా సువార్త పదునేడవ అధ్యాయములోని మాట. దేవుని రాజ్యమెప్పుడు వచ్చునని పరిసయ్యులడుగగా క్రీస్తు చెప్పిన ప్రత్యుత్తరమున ‘ఎంతోస్’ అను గ్రీకు అవ్యయము కలదు. ఆంగ్లమున 1611 నాటి ప్రసిద్ధానువాదము దీనిని ‘లోపల’ యని గ్రహించినది. వాడుకలోనున్న తెలుగు అనువాదము ‘మధ్య’ యని గ్రహించినది. రెండు పక్షములకును బలము గలదు. ‘మధ్య’ యనుటకు లూకా వేఱుచోట్ల వాడిన పదము వేఱు. మత్తయిసువార్తలో గిన్నె లోపలిభాగమును జెప్పుటకు ఈ ‘ఎంతోస్’ అను పదమే యున్నది. కావున కోశబలము ‘లోపల’ యను పక్షమునకు. సందర్భబలము రెండవ పక్షమునకు: వినువారు శిష్యులు కారు, శోధింపవచ్చిన పరిసయ్యులు, రాజ్యము వారి లోపల నున్నదని యప్పుడు చెప్పుట పొసగదు. అదిగాక సువార్తలలో మనుష్యులు రాజ్యమున బ్రవేశింతురే గాని రాజ్యము మనుష్యులలో బ్రవేశించినట్లు చెప్పబడదు. తెలుగు అనువాదకుల నిర్ణయమే యిచట మేలని తోచును. అంతరంగవిశ్వాసమునకు దీనివలన లోపము లేదు. లోపల భావింపబడినది మధ్యకు రావలెననుటయే యీ నిర్ణయమున గల గుణము. ‘మీ మధ్య’ యనుటకు కనీసము ఇరువురైన నుండవలెను గదా.

అంతరంగవిశ్వాసమనగ సంశయములేని స్థితి యని తలంచుటయు బొరబాటే. మార్కుసువార్త తొమ్మిదవ అధ్యాయమున రోగియైన కుమారుని దెచ్చిన తండ్రి, నమ్ముచున్నాననియు, నా నమ్మకయుండుటకు సాయపడుమనియు ఒక్క యూపిరిలో మొఱపెట్టును. పోతన గజేంద్రునికి దెలుగునాట ఇంటింట నింతటి చనువు గలుగుటకు గారణము వాని స్తోత్రపాండిత్యము గాదు. ఉన్నాడని చెప్పబడువాడు నిజముగ నున్నాడా యని నీటిలో నిలిచి యడిగిన యా సందేహమే. మడుగులో సందేహించిన వానికే వైకుంఠమున గదలిక పుట్టెను. ఈ తండ్రియు ఆ యేనుగును ఒకరి నొకరు ఎఱుగరు. బమ్మెరకును డోర్నకలునకును చెందిన శ్రోత మాత్రము ఇరువురి నెఱుగును. కోరిక నెరవేరినట్లే భావింపుమను బోధలో ఇట్టి మొఱకు దావు లేదు. అచట సందేహము ప్రయోగదోషము.

తెలుగు కవులు ఈ పఠనమార్గమున నడచిన విధము విపులముగ వ్రాయదగినది. ఇచట సూచనమాత్రము చాలును. పదునెనిమిదవ శతాబ్దమునకు జెందిన మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమున క్రీస్తుకథను బ్రబంధశైలికి దెచ్చెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు సంఘమున నోటనోట నిలిచినవి. పుస్తకము లేనివారికి అవియే భాష్యము. గుఱ్ఱము జాషువా క్రీస్తుచరిత్రకు 1964 లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. అయినను వేదమును భావనతో జదివిన జాషువాను జూడదలచినవారు గబ్బిలమును దెఱచుట మేలు. దానిలో క్రీస్తు కథ లేదు. గుడిలోనికి బోగూడని మనుష్యుడు, గుడిలో స్వేచ్ఛగ వ్రేలాడు పక్షిచే దేవునికి గబురంపుచున్నాడు. నాతాను రాజసభలో జెప్పిన కథకును దీనికిని వరుస గలదు.

చివరకు విగ్రహనిషేధమునుగూర్చి. పది యాజ్ఞలలో రెండవది రూపము చెక్కవద్దనుచున్నది. ఆ యాజ్ఞ గల గ్రంథమే కాపరి, ద్రాక్షతోట, దీపము, విత్తు, రొట్టె, తలుపు అని రూపములతో నిండి యున్నది. చేతితో జేయగూడని దానిని మాటతో జేయుటలో విరోధము లేదా? చెక్కిన రూపము నిలిచిపోవును; మాటచే గలిగిన రూపము ఇంకొక రూపమునకు దారి యిచ్చి తొలగును. దేవుడు కాపరి యన్న మఱునిమిషముననే కోట యనవచ్చును. అజరయ్య డోర్నకలున గట్టించిన దేవాలయము ఈ విషయమున బరిశీలింపదగినది. దాని స్తంభములు గుళ్ల మండపస్తంభములను దలపించును, గుమ్మటములును మీనారులును నిజాము రాజ్యపు మసీదులను దలపించును, సిలువ క్రైస్తవము. మూడును గలసి యుండుటచే ఏ యొక్కటియు దానే దేవుని రూపమనుటకు వీలులేదు. ఆ కట్టడమునకు బాశ్చాత్యులలోను దేశీయులలోను మెచ్చనివారుండిరి. అజరయ్య 1945 జనవరి 1 వ తేది డోర్నకలునందే మరణించి ఆ యావరణముననే సమాధి చేయబడెను. దక్షిణ ఇండియా సంఘ మేర్పడుటకు అప్పటికి రెండేండ్లకు పైగ గడువుండెను.

ఆ దేవాలయము 1939 జనవరి 6 వ తేది ప్రతిష్ఠింపబడినది. ఆ దినము క్రీస్తుప్రత్యక్షత పండుగ. దేవాలయమునకు బేరును అదియే. మత్తయిసువార్త రెండవ అధ్యాయమందలి కథ యా దినమున జదువబడును. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును జూచి యెరూషలేమునకు వత్తురు. వారి కడ వేదము లేదు. రాజు శాస్త్రులను బిలిపించి, క్రీస్తు ఎచ్చట పుట్టవలెనని యడుగును. శాస్త్రులు గ్రంథము తెఱచి బేత్లెహేమని చెప్పుదురు. వారి వ్యాఖ్యానమున దప్పు లేదు, ప్రమాణవాక్యమును సరియైనదే. బేత్లెహేము అచటికి ఆఱు మైళ్లు. జ్ఞానులు బయలుదేరిరి. శాస్త్రులు వెంట వెళ్లినట్లు సువార్తలో లేదు.